బూట్ల కన్నా ముందు పాదాలు సిద్ధం కావాలి

చెల్లీ, నీకు 12 ఏళ్లు నిండాయనీ, రెండేళ్లుగా ప్రతి ఆదివారం నల్లగొండ నుంచి బస్సులో హైదరాబాద్ వెళ్లి బ్యాలే నేర్చుకుంటున్నాననీ రాశావు. వేళ్ల కొనల మీద నిలబడి నాట్యం చేయడానికి వేసుకునే పాయింట్ బూట్లు తెప్పించుకుని ఇంట్లో సాధన మొదలుపెట్టవచ్చా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఆ తొందరకు నేను మూల్యం చెల్లించాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది మహబూబ్‌నగర్. ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్న తరువాత బ్యాలేకు వచ్చాను. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలిచినదాన్ని, వేళ్ల కొనల మీద నిలవలేనా అనుకున్నాను. టీచరుకు చెప్పకుండా బూట్లు తెప్పించి, మా ఇంటి షాబాద్ బండల మీద తలుపు పట్టుకుని లేచాను. మూడో రోజు ఎడమ చీలమండ మడత పడింది. రెండు నెలలు సాధన ఆగిపోయింది.

పళ్లెం మీద మన వేళ్లు అంచును పట్టుకుంటాయి. పాయింట్‌లో అదే అలవాటు చేటు. బూటు లోపల వేళ్లు చాపుగా, నిటారుగా ఉండాలి. ముడుచుకుంటే బరువు కణుపుల మీద పడి, చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. బూటు ముందు భాగం గట్టిగా ఉంటుంది కదా, అదే మోస్తుందని అనుకోకు. 1832లో పారిస్ వేదిక మీద బ్యాలే నర్తకి మారీ టాగ్లియోని వేళ్ల కొనల మీద నాట్యం చేసినప్పుడు ఆమె వేసుకున్నవి కొన దగ్గర దారంతో కుట్టి బిగించిన మెత్తటి శాటిన్ చెప్పులే. బలమంతా పాదాలదే.

నన్ను నిలబెట్టిన సాధన ఒకటే. చెప్పుల్లేకుండా ఒంటికాలి మీద నిలబడి, గోడకు ఒక వేలు మాత్రం ఆనించు. మోకాలు వంచకుండా రెండు అంకెలు లెక్కపెట్టేలోగా మడమను లేపి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించు. బలం ఆ దిగడంలోనే వస్తుంది. బరువు బొటనవేలు, రెండో వేలు మొదళ్ల మీద ఉండాలి. నాకు మొదట్లో తొమ్మిదోసారికే పిక్క వణికి, చీలమండ చిటికెన వేలి వైపు వాలిపోయేది. అలా వాలినది లెక్కలోకి రాదు, అక్కడితో ఆపేయాలి. మీ అమ్మగారిని వెనుక నుంచి ఫోనులో వీడియో తీయమను, నీకే కనిపిస్తుంది. ఒక్కో కాలికి 20 దాటి శుభ్రంగా చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

కుర్చీలో కూర్చున్నప్పుడు అరికాలు నేలకు ఆనించి, వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాగు. పాదం వంపు కొద్దిగా పైకి లేస్తుంది. వేళ్లతో తువ్వాలు లాగే కసరత్తు చాలామంది చెబుతారు కానీ, పళ్లెం అలవాటు ఉన్న నాకు అది వేళ్లు ముడవడమే నేర్పింది, మానేశాను. నిలకడ కోసం పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడేదాన్ని. అది కుదిరాక, వేరే వేళలో గోడ పక్కన నిలబడి కళ్లు మూసుకుని అర నిమిషం. అప్పుడు తెలుస్తుంది, ఊగేది పాదం ఒక్కటే కాదు, తుంటి కూడా జారుతోందని. నిలిచిన కాలి వైపు తుంటిని పైకి లాగి పట్టుకోవాలి. కూచిపూడి అరమండిలో మోకాళ్లు వంచి కిందికి దిగే మన శరీరానికి ఇది కొత్త, ఓపిక పట్టు.

బండల మీద మాత్రం గెంతులు వేయవద్దు. బండ ఏమాత్రం ఒదగదు, దెబ్బ మొత్తం ముంగాలి ఎముకకే తగులుతుంది. బ్యాలే గదుల్లో లోపల కాస్త ఒదిగే చెక్క నేల వేసేది అందుకే.

ఇంకొక మాట. వారానికి ఒక్క తరగతి పాయింట్‌కు సరిపోదు, కనీసం రెండు కావాలి. ఈ వయసులో పాదాల ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, అందుకే మూడు నాలుగేళ్ల క్రమమైన శిక్షణ అయ్యాకే చాలామంది టీచర్లు బూట్లకు ఒప్పుకుంటారు. మడమ వెనుక నొప్పి వస్తే సాధన ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించు. వచ్చే ఆదివారం మీ టీచరు ముందు ఒంటికాలి మీద మడమ లేపి చూపించి, ఎన్నోసారికి చీలమండ వాలుతోందో లెక్కపెట్టమని అడుగు. ఆ అంకె ఇక్కడ రాస్తే, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.