బడిలో వాన కొలవబోతున్న బుజ్జికి

చి.ల.సౌ. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి బస్సులో ఉండి సగం సగం చెప్పి పెట్టేశాను. ఇంటికొచ్చాక కూడా మనసు అక్కడే ఉంది. పిల్లల చేత రోజూ వాతావరణం కొలిపించాలనుకుంటున్నావు, బడి నుంచి కొంచెం డబ్బు ఇస్తామన్నారు, ఏ పరికరాలు కొనాలి అని కదా నీ ప్రశ్న. కొనడం చిన్న పనమ్మా, అది చివర్లో చెబుతాను. ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు చూడాలి, చూసింది ఎలా రాయాలి అన్న మూడింటి దగ్గరే అసలు పని ఉంది. వ్యవసాయ ఫారంలో ముప్ఫై ఒక్క ఏళ్లు రోజూ వాతావరణం కొలిచి రాసే అబ్జర్వర్‌గా చేసి నేను నేర్చుకున్నది అదే.

ముందు వానతో మొదలుపెట్టు. మీ పల్నాడు పిల్లలకు వానంటే ఇంట్లో రోజూ వినే మాట. పేపర్లో సెంటీమీటర్లలో వేస్తారు, రిజిస్టర్లో మిల్లీమీటర్లలో రాస్తాం, పెద్దవాళ్లు అంగుళాల్లో చెబుతారు. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు. పిల్లల చేత సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గీయించి, లీటరు నీళ్లు పోయించి చూపించు. ఆ తర్వాత ఎకరం లెక్క చెప్పు. ఎకరం దాదాపు 4,047 చదరపు మీటర్లు. అంగుళం వాన, అంటే 25 మి.మీ. పడితే ఎకరానికి లక్ష లీటర్ల పైన నీళ్లు వచ్చినట్టు. ట్యాంకర్లతో నీళ్లు కొనుక్కున్న ఊళ్లో ఈ ఒక్క లెక్క చాలు, పిల్లలు వానను ఇంకోలా చూస్తారు.

రెయిన్‌గేజి కొనకపోయినా ఫరవాలేదు. గరాటు, సీసా, మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసు ఉంటే చాలు. ఒక్కటి గుర్తుపెట్టుకో, వానను పట్టేది గరాటు మూతి. కింద సీసా లావా సన్నమా అన్నదానితో పని లేదు. చాలామంది సీసాలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో స్కేలు పెట్టి చూసి అదే వాన అని రాసేస్తారు, అది తప్పు. గరాటు మూతి అడ్డంగా 15 సెం.మీ. ఉందనుకో. దాని వైశాల్యం దాదాపు 177 చదరపు సెం.మీ. అప్పుడు సీసాలో 177 మి.లీ. నీళ్లుంటే 10 మి.మీ. వాన. మిల్లీలీటర్లను వైశాల్యంతో భాగించి పదితో గుణించడమే. ఎనిమిదో తరగతి పిల్లలు ఇట్టే చేస్తారు.

పెట్టే చోటు దగ్గర మాత్రం మొండిగా ఉండు. డాబా మీద భద్రంగా ఉంటుందని అంటారు, ఒప్పుకోకు. పైన గాలి ఎక్కువ, చినుకుల్ని గరాటు మీదుగా అవతలికి తోసేస్తుంది. నేల మీదే పెట్టాలి, మూతి నేలకు 30 సెం.మీ. ఎత్తున ఉండాలి. ఇంకా కిందికి పెడితే మట్టి చినుకులు ఎగిరి లోపల పడతాయి. చెట్టయినా గోడయినా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. నాలుగింతలు దొరికితే మరీ మంచిది. మీ బడి ఆవరణలో వేపచెట్లు ఉన్నాయన్నావు కదా, ఆటస్థలం మధ్యకు వెళ్లక తప్పదు. చుట్టూ కంచె కట్టించు, లేకపోతే మేకలు ఉండనివ్వవు.

చూడాల్సిన వేళ ఉదయం 8:30. దేశమంతా అదే వేళకు వాన కొలుస్తారు. నిన్న 8:30 నుంచి ఈ రోజు 8:30 దాకా పడిన వానను ఈ రోజు తేదీ కిందే రాయాలి. నిన్న సాయంత్రం తడిసిన పిల్లాడు "టీచర్, అది నిన్నటి వాన కదా" అని తప్పక అడుగుతాడు. అడగనీ, ఓపిగ్గా చెప్పు. వాన పడలేదని తెలిసినా గరాటు ఎత్తి చూడాల్సిందే. తెల్లవారుజామున మూడింటికి పడి వెళ్లిపోయిన జల్లు ఎవరికీ తెలియదు. ఒక్కోసారి గరాటు గొంతులో సాలీడు గూడు కట్టి ఉంటుంది, వేపాకు అడ్డం పడి ఉంటుంది.

ఇంకో మాట, 0 వేరు, ఖాళీ గడి వేరు. 0 అంటే వెళ్లి చూశాను, వాన లేదు అని. ఖాళీ అంటే ఆ రోజు ఎవరూ చూడలేదు అని. ఈ తేడా పిల్లలకు మొదటి రోజే ఎక్కించు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో కింద రాస్తాను.

టీవీలో "భారీ వర్షం" అన్నప్పుడల్లా అంకెతో పోల్చి చూడమను. 2.5 మి.మీ. పడితేనే దాన్ని వానరోజుగా లెక్కేస్తారు. రోజు మొత్తం మీద 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. కానీ అంకె ఒక్కటే సరిపోదు. పొద్దంతా ముసురు పట్టి పడిన 30 మి.మీ. వేరు, అరగంటలో కుండపోతగా పడిన 30 మి.మీ. వేరు. మొదటిది నేలలోకి దిగుతుంది, రెండోది వాగులోకి పోతుంది. అందుకని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ముసురా జల్లా గాలివానా అన్నది పక్కన రాయించు. వీలైతే పక్క పొలంలో తవ్వి పదును, అంటే నేలలో తడి, ఎంత లోతుకు దిగిందో చూడమను. బెత్తెడా, జానెడా, మూరెడా? వాళ్ల తాతలు వాన కొలిచింది అలాగే. మి.మీ. పక్కన ఆ పదును కూడా ఉంటే, ఏ రోజు విత్తనం వేయొచ్చో నీ రిజిస్టరు చూసే ఊరివాళ్లు చెప్పగలరు.

ఇక ఎండ సంగతి. రెంటచింతల పక్కనే ఉన్న ఊరు మీది, వేసవిలో మండే ఎండల కబుర్లకు కొదవ ఉండదు. మే నెలలో ఎవరో ఒకరు కారులో 49 చూపించిందని ఫోటో పంపుతారు. ఎండలో పెట్టిన థర్మామీటరు చూపించేది తనకెక్కిన వేడినే. మనకు కావలసింది గాలి వేడి. అందుకే నీడ, గాలి రెండూ ఉండేలా తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో థర్మామీటర్లు పెడతారు. నాలుగు వైపులా కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు పలకలు ఉంటాయి. దాన్ని స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. స్కాట్లండ్‌లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ చేసిన ఏర్పాటు అది. మీ ఊరి వడ్రంగికి పాత రెక్కల కిటికీలు నాలుగు ఇస్తే పెట్టె కట్టేస్తాడు. పైకప్పు రెండు పొరలుగా వేయించు, మధ్యలో గాలి ఆడాలి. థర్మామీటరు బల్బు నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉండాలి. కింద సిమెంటు గచ్చు వద్దు, గడ్డి ఉంటే మంచిది.

పెట్టె తలుపు ఉత్తరం వైపు పెట్టాలని పుస్తకంలో ఉంటుంది, అలాగే పెట్టు. అయితే మన దగ్గర మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఆ మూడు నెలలూ తలుపు తెరిచి మాట్లాడుతూ నిలబడకూడదు. తెరవడం, చూడడం, మూయడం, అంతే. ముఖం దగ్గరగా పెట్టి ఊపిరి వదిలినా రీడింగు కదులుతుంది. అందుకే మేం దశాంశం అంకె ముందు చూసి, డిగ్రీ తర్వాత చూసేవాళ్లం. కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పొడుగు పిల్లాడు పైనుంచి చూస్తే ఒకటి, పొట్టి పిల్లాడు కిందనుంచి చూస్తే ఇంకొకటి వస్తుంది, పొట్టివాళ్లకు పీట వేయించు.

గాలిలో తేమ దగ్గర కొంచెం నిదానించు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొలత ఇదే, జనం ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. పొద్దున తేమ 90 శాతం, మధ్యాహ్నం 40 అని టీవీలో చెబితే గాలిలో నీళ్లు సగానికి పైగా ఎగిరిపోయాయనుకుంటారు. చాలా రోజులు నీళ్లు అంతే ఉంటాయి. గాలి వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ ఆవిరి పట్టగలదు, అందుకే శాతం తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 90 శాతం ఉన్న గాలే ఆవిరి ఏమీ మారకుండా 40 డిగ్రీలకు వేడెక్కితే 40 శాతం లోపుకు వస్తుంది. పిల్లలకు స్టీలు గ్లాసుతో చూపించు. గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటరు ఉంచి, ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేసి కలుపుతూ ఉండమను. గ్లాసు బయట చెమట పట్టిన క్షణాన నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో రాయమను. పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు చేయించు. గాలిలో ఆవిరి ఎంతుందో చెప్పేది ఆ డిగ్రీయే, శాతం సగానికి పడిపోయిన రోజున కూడా అది పెద్దగా మారకపోవడం వాళ్లే చూస్తారు.

మా పెట్టెలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన నిలబడి ఉండేవి, ఒకటి పొడిది, ఒకదానికి తడి గుడ్డ. గుడ్డ ఆరేకొద్దీ రెండోది చల్లబడుతుంది. ఆ తేడాను పట్టికలో చూస్తే తేమ తెలుస్తుంది. 42 దగ్గర పొడిది, 26 దగ్గర తడిది ఉంటే వడగాలి రోజు. 32, 28 ఉంటే ఒళ్లంతా జిడ్డుగా ఉక్కపోసే రోజు. నేను చేరిన మొదటి వేసవిలో ఒక వారం పాటు తేడా నాలుగైదు డిగ్రీలకు మించలేదు. బయట పెదాలు పగిలే ఎండ, నా రిజిస్టర్లోనేమో సముద్రం ఒడ్డున ఉన్నంత తేమ. చివరికి గుడ్డ ముట్టుకుని చూస్తే అప్పడంలా గట్టిగా ఉంది. ఫారం బోరు నీళ్లు పోసేవాణ్ని, ఉప్పు పేరుకుని గుడ్డ నీళ్లు పీల్చడం మానేసింది. ఆ రోజు నుంచి వాన నీళ్లు పట్టి దాచుకునేవాణ్ని. నువ్వు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు. గుడ్డ వారానికోసారి మార్చు.

ఇప్పుడు ఖాళీ గడి సంగతి. ఉద్యోగంలో రెండో ఏడు, మార్గశిరంలో మేనమామ కొడుకు పెళ్లి. సెలవు పెట్టకుండా రెండు రోజులు వెళ్లొచ్చాను. వచ్చి చూస్తే రిజిస్టర్లో రెండు గడులు ఖాళీ. ముందు రోజు, తర్వాత రోజు అంకెలు చూసుకుని మధ్యలో సరిపోయేలా రెండు కనిష్ఠ ఉష్ణోగ్రతలు రాసేశాను. ఎవరూ గమనించలేదు. మరుసటి ఏడు ఫారంలో వరి అగ్గితెగులు మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో నా రిజిస్టరు నకలు. "ఈ రెండు రోజుల దగ్గర లెక్క కుదరడం లేదండీ, తెగులు చూస్తే రాత్రి బాగా చల్లబడినట్టుంది, మీ అంకె అలా లేదు. ఒకసారి గుర్తు తెచ్చుకుని చెబుతారా" అంది. నాలుగు నెలలుగా ఆ రెండు అంకెల చుట్టూ తిరిగిందట. నిజం చెప్పాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, పెన్ను తీసి ఆ రెండు గడుల మీద అడ్డగీత గీసుకుని వెళ్లిపోయింది. ఆ గీత చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది. ఖాళీ వదిలి ఉంటే ఆమె ఆ రెండు రోజులు పక్కన పెట్టి పని చేసుకునేది.

ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, పరీక్షలు, నీ రిజిస్టర్లో ఖాళీలు వస్తాయి. రానీ. "చూడలేదు" అని రాయించు. సెలవు తర్వాత సీసాలో మూడు రోజుల నీళ్లు ఉంటే మూడుగా పంచి రాయొద్దు, "మూడు రోజులది కలిపి" అని ఒకేచోట రాయి. తప్పు రాసినప్పుడు రబ్బరు పెట్టి చెరపొద్దు, అడ్డగీత గీసి పక్కన రాయాలి. అందుకే పెన్సిల్ ఇవ్వకు, పెన్నే ఇవ్వు. నిండుగా ఉన్న రిజిస్టరు చూసి పెద్దలు మెచ్చుకుంటారని పిల్లలు ఖాళీలు నింపాలని చూస్తారు. ఖాళీ ఉంచినవాణ్ని నువ్వు క్లాసులో మెచ్చుకో.

గాలి ఒత్తిడి గురించి రెండు ముక్కలు. ఈ మధ్య కొన్ని ఫోన్లలోనే ఆ సెన్సరు ఉంటోంది. సాయంత్రం నాలుగింటికి ఒత్తిడి తగ్గిందని తుపాను అనుకుని టెన్షన్ పడొద్దు. మన ప్రాంతంలో రోజూ ఉదయం, రాత్రి పదింటి ప్రాంతంలో ఒత్తిడి పెరిగి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో తగ్గుతుంది. అలల్లాగా, తప్పకుండా. నిన్న ఇదే వేళకు ఎంతుందో దానితో పోల్చాలి. గాలికి జెండా గుడ్డ చాలు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది, పడమరకు పోయేది కాదు. సగం మంది పిల్లలు ఇది తిరగేసి రాస్తారు.

ఉరుములు మొదలైతే ఎవరూ పెట్టె దగ్గరకు పోకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ముప్ఫై సెకన్ల లోపు ఉంటే అందరూ గదిలోనే. ఆ రోజు గడి ఖాళీగా ఉన్నా సరే.

కొనడం విషయం: పాదరసం థర్మామీటర్లు బడికి వద్దు, పగిలితే విషం. గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్‌ది ఒకటి చాలు. తడి గుడ్డ కోసం స్పిరిట్ థర్మామీటర్లు ఒకే రకానివి రెండు తీసుకో. కొనేటప్పుడు షాపులోనే పక్కపక్కన పెట్టి రెండూ ఒకటే చూపిస్తున్నాయో లేదో చూడు. కొలత గ్లాసు, మంచి గరాటు, గట్టి అట్ట రిజిస్టరు. మిగిలిన డబ్బు వడ్రంగికి, కంచెకు.

మృగశిర కార్తె లోపు గరాటు నేలలో ఉండాలి. నువ్వు గరాటు కొనగానే మూతి అడ్డం కొలత మూడుచోట్ల తీసి నాకు ఫోన్ చెయ్యి, గుండ్రంగా లేనివి చాలా వస్తున్నాయి. మీ పెద్దమ్మ నీకు గోంగూర పచ్చడి పెట్టింది, పెట్టె బిగించడానికి వచ్చినప్పుడు తెస్తాను.

మీ పెదనాన్న