బుజ్జికి రైఫిల్ కొనే ముందు

విజయవాడ, పటమట

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన బుజ్జికి కొందామని నువ్వు పంపిన మూడు రైఫిళ్ల ఫోటోలూ చూశాను. ఫోన్లో చెబితే సగం విని "అలాగే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కోడలికి కూడా చదివి వినిపించు, డబ్బు లెక్క చూసేది ఆ అమ్మాయే కదా.

మొదటి ఫోటోలోది పక్కన పెట్టెయ్. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, బిగించిన కొత్త స్ప్రింగ్ ఎయిర్‌గన్, కవరూ పెల్లెట్ల డబ్బా ఉచితం, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ బుజ్జి ఆడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో స్కోప్ పెట్టనివ్వరు. వెనక చిన్న రంధ్రం, ముందు చిన్న రింగు, ఆ రెండింటి మధ్యలోంచి టార్గెట్ నల్లదనాన్ని చూసి కొట్టాలి. దాన్నే పీప్ సైట్ అంటారు. స్కూల్ పోటీల్లో ఓపెన్ సైట్ (వెనక గాడి, ముందు ముల్లు) విభాగం వేరేగా ఉంటుంది, పీప్ సైట్ విభాగం వేరేగా ఉంటుంది. కోచ్ బుజ్జిని ఎందులో దింపుదామనుకుంటున్నాడో అడుగు. ఓపెన్ సైట్ అంటే మన దేశంలో తయారైన కొత్త రైఫిల్ చాలు, ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేయొచ్చు. పీప్ సైట్ అంటే మిగతాది చదువు.

ఆ స్కోప్ గన్ మీద మనసుపడింది బుజ్జి కాదనీ, దాని అన్న అనీ నాకు తెలుసు. వాడికి రెండు ముక్కలు చెప్పు. స్ప్రింగ్ గన్ పేల్చినప్పుడు మొదట వెనక్కి తన్నుతుంది, లోపల పిస్టన్ వెళ్లి కొట్టుకోగానే మళ్లీ ముందుకు కుదుపుతుంది. మందుగుండు రైఫిల్ కోసం చేసిన స్కోపులు వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకుంటాయి గానీ ఈ ముందుకు కొట్టే కుదుపుకి లోపలి అద్దాలు వదులైపోతాయి. పైగా అలాంటి స్కోపులు చాలావరకు 100 గజాల దూరానికి సరిచేసి ఉంటాయి, 10 మీటర్ల దగ్గర బొమ్మ మసగ్గా కనబడుతుంది. ఎయిర్‌గన్ కోసమే చేసినది, దూరం సరిచేసుకునే రింగు ఉన్నది కొనాలి. సెకండ్ హ్యాండ్ స్కోప్ అయితే ఏ గన్ మీద ఎన్నాళ్లు కుదుపులు తిన్నదో బయటికి తెలియదు కాబట్టి అసలు వద్దు. ఇక దాంతో పావురాలనూ కొంగలనూ కొడతానన్నాడట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట అనేది మన దేశంలో నేరం. ఎయిర్‌గన్ అయినా సరే. ఉప్పలపాడు చెరువు గట్టు మీద గన్ భుజాన వేసుకుని కనబడ్డాడంటే అటవీ శాఖ వాళ్లకంటే ముందు ఆ ఊరివాళ్లే పట్టుకుంటారు. వాళ్లకు ఆ పక్షులంటే అంత ప్రేమ.

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఫోటో హైదరాబాద్ నుంచి వచ్చిన పాత జర్మన్ మ్యాచ్ రైఫిల్. మూడోది వాయిదాల మీద ఇస్తామంటున్న కొత్తది. కొత్తవి రెండు, మూడు లక్షల మాట. నువ్వేమో లక్ష దాటకూడదంటావు. నా సలహా పాతదే. అయితే ఏ పాతదైనా కాదు.

ఎందుకంటావా? మీ మామగారి నాన్నగారికి లైసెన్సు వేట రైఫిల్ ఉండేది, గుర్తుందా? అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే మొట్టమొదట బారెల్ లోపలికి చూడాలి. మందు మంట ప్రతి గుండుతోనూ ఉక్కుని కొంచెం కొంచెం తింటూ ఉంటుంది. ఎయిర్ రైఫిల్లో మంట లేదు. మెత్తటి సీసపు పెల్లెట్, సెకనుకి 170 మీటర్ల చిల్లర వేగం. బారెల్ అరగడమనేది దాదాపు ఉండదు. పదిహేనేళ్ల నాటి బారెల్ కూడా కొత్తదానితో సమానంగా కొడుతుంది. నా చేతిమీదుగా సీళ్లు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చుకుని వెళ్లిన క్లబ్ రైఫిళ్లన్నిట్లోనూ బారెల్ వల్ల మూలకు పడింది నేను చూడలేదు. వీటిల్లో ముసలిదయ్యేది ఆ రబ్బరు, పెల్లెట్‌ని తోసే గాలిని ఒత్తిడితో నింపిపెట్టే సిలిండరు. రబ్బరు చవక, దాన్ని నేను మారుస్తాను. సిలిండర్ దగ్గరే ఉంది బేరమంతా.

పెళ్లి సంబంధానికి జాతకం చూసినట్టు ముందు సిలిండర్ మీద తేదీ చూడు. తయారైన నెల, సంవత్సరం లోహం మీదే చెక్కి ఉంటాయి. సిలిండర్ ఆయుష్షు 10 ఏళ్లు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో కూడా గడువు దాటిన సిలిండర్ వాడకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఆటగాడిదే. పోటీ రోజున పరికరాల తనిఖీలో ఆపేస్తే ఇంక ఏడ్చి లాభం లేదు. మొన్న క్లబ్‌కి ఒకాయన తెచ్చిన రైఫిల్లో సరిగ్గా తేదీ ఉండే చోట షూటింగ్ కంపెనీ స్టిక్కర్ ఒకటి అందంగా అంటించి ఉంది. గోరుతో అంచు లేపితే కింద అంకెలు కనబడ్డాయి, గడువు దాటి రెండేళ్లు. అమ్మినాయన "అది డిజైన్ సార్" అన్నాడట. నీకు వచ్చిన ఫోటోలో కూడా సిలిండర్ ఆ వైపు కనబడటంలేదు. తేదీ కనబడేలా దగ్గర్నుంచి ఒక ఫోటో అడుగు. నాన్చితే ఆ బేరం వదిలెయ్. గడువు దగ్గరపడిందని ఒప్పుకుంటే మాత్రం మంచిదే, ఆ మోడల్‌కి కొత్త సిలిండర్ ఎంత అవుతుందో, అసలు దొరుకుతుందో లేదో కనుక్కుని ఆ మొత్తం ధరలోంచి తగ్గించమను.

తర్వాత గాలి నిలుస్తుందా అన్నది. సిలిండర్ 200 బార్ ఒత్తిడి దాకా నింపి, గేజ్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకుని, ఒక రాత్రి వదిలెయ్యాలి. పొద్దున్నే చల్లదనానికి ముల్లు వెంట్రుకవాసి దిగితే భయం లేదు. పది, ఇరవై బార్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు సబ్బునీళ్ల నురుగు తీసుకుని సిలిండర్ మర బిగిసే చోట, గేజ్ చుట్టూ, బారెల్ మొదలు దగ్గర వేలితో రాయాలి. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ సీలు పోయినట్టు. మర దగ్గర లేస్తే సంతోషించు, అది చిన్న రింగు మార్చే పని. గేజ్ దగ్గర లేస్తే కొంచెం ఖర్చు. అమ్మేవాడు ఒక రాత్రి ఆగనంటే, ఎందుకు ఆగనంటున్నాడో ఆలోచించు.

గుండ్లు కొట్టి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. రైఫిల్‌ని బల్ల మీద ఇసుక సంచికి ఆనించి, 10 మీటర్ల నుంచి ఒకే కాగితం మీద ఐదు కొట్టు. మనిషి చేతి వణుకు లేకపోతే ఐదూ కలిసి ఒకే చిల్లులా పడాలి, అంచులు కొంచెం చిరిగినట్టు ఉంటాయి అంతే. పదికి ఉన్న చుక్క వ్యాసమే అర మిల్లీమీటరు అయినప్పుడు, పెల్లెట్లు చెదిరే రైఫిల్‌తో పిల్ల ఎంత సాధన చేసినా అది వృథాయే. చెదిరితే వెంటనే రైఫిల్‌ని తిట్టకు, పెల్లెట్ మార్చి మళ్లీ చూడు. 4.49, 4.50 మిల్లీమీటర్లు అని పెల్లెట్ తల సైజుల్లో తేడాలుంటాయి, ఒక్కో బారెల్‌కి ఒకటి నప్పుతుంది. ఫ్యాక్టరీ ఇచ్చిన టెస్ట్ టార్గెట్ కార్డు పెట్టెలో ఉందేమో అడుగు. దాని మీది నంబరూ రైఫిల్ మీది నంబరూ ఒకటే అయితే ఆ మనిషి వస్తువుని జాగ్రత్తగా చూసుకున్నాడని అర్థం.

పీప్ సైట్‌ని రెండు వైపులా తిప్పి చూడు. క్లిక్కులన్నీ ఒకేలా వినబడాలి, మధ్యలో జారకూడదు. ట్రిగ్గర్ నొక్కితే మొదటి భాగం మెత్తగా వెళ్లి ఒకచోట ఆగాలి, ఆ ఆగినచోట నుంచి కొంచెం ఒత్తితే పేలాలి. గీతలూ రంగు పోవడమూ పట్టించుకోకు. బుగ్గ ఆనే పలక, భుజానికి ఆనే పలక సరిచేసుకునే మరలు అన్నీ తిరుగుతున్నాయో లేదో చూడు, బుజ్జి ఇంకా ఎదుగుతుంది కదా. ఇంకొకటి, అది ఎడమ చేతివాటం పిల్ల. ఫోటోలో రైఫిల్ పట్టు (పిడి) కుడి చేతిది. ఈ ఒక్కటి చాలు మనం బేరమాడటానికి. ఎడమ చేతి పట్టు విడిగా దొరుకుతుందో లేదో మోడల్ పేరు పట్టి ముందే అడగాలి.

కోచ్ ఇంకో సంగతి చెప్పి ఉండొచ్చు, సిలిండర్ గొడవే లేని పాత రకం ఉంటుంది. ఒక్కో పెల్లెట్‌కీ పక్కనున్న లీవర్ ఒకసారి లాగి గాలి బిగించాలి. ఫైన్‌వెర్క్‌బావ్ అనే జర్మన్ కంపెనీ 600 వరసలోవి అలాంటివే. దానికి గడువు తేదీ ఉండదు, గాలి నింపే బాధ ఉండదు, కొట్టే దెబ్బలో ఏ లోపమూ ఉండదు. ఎదిగిన మనిషికైతే కళ్లు మూసుకుని కొనమనేవాణ్ణి. పదమూడేళ్ల పిల్ల మ్యాచ్‌లో 60 సార్లు, దానికి ముందు సరిచూసుకునే షాట్లలో ఇంకొన్నిసార్లు లీవర్ లాగితే భుజం అలిసిపోతుంది. బుజ్జికి వద్దు.

గాలి నింపే విషయంలో మాత్రం నా మాట దాటొద్దు. మన ఆటోనగర్లో వెల్డింగ్ షాపువాడు "ఆక్సిజన్ ఉంది సార్, రెండు నిమిషాల్లో కొట్టేస్తా" అంటాడు. ఆ అడాప్టర్ కూడా ఎలాగోలా తయారుచేసి పెడతాడు, వాళ్ల పనితనం అలాంటిది. లోపల ఎక్కడైనా కొంచెం గ్రీజు ఉండి ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే మంట అంటుకుని పేలిపోతుంది. పొడి గాలి మాత్రమే. క్లబ్‌లో ఉన్న పెద్ద సిలిండర్ నుంచి నింపించు. చేతి పంపు కొంటే తేమ పట్టే ఫిల్టర్ ఉన్నది కొను. కృష్ణ ఒడ్డున మనకుండే ఉక్కకి తేమ లోపలికి పోయి చేరుతుంది. నింపిన సిలిండర్‌ని మే నెలలో కారులో వదిలి బ్రాడీపేటలో టిఫిన్‌కి వెళ్లొద్దు, ఒత్తిడి పెరిగిపోతుంది.

చట్టం సంగతి నువ్వు భయపడుతున్నంత ఏమీ లేదు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 బోర్ (బారెల్ లోపలి వెడల్పు, అంగుళాల్లో) దాటకుండా, శక్తి 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిళ్లకి అందులో సగం శక్తి కూడా ఉండదు. 0.22 బోర్ అయితే లైసెన్సు కావాలి, ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా ఆ జోలికి పోవద్దు. కొన్నప్పుడు రాయించుకున్న కాగితం, అమ్మినవాడి ఆధార్ నకలు, పాత బిల్లు ఉంటే అదీ రైఫిల్ పెట్టెలోనే పెట్టు. రైలెక్కేటప్పుడు ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

ఇక లక్షలో రైఫిల్‌కే మొత్తం పెట్టేయకు. జాకెట్, ప్యాంటు లేకుండా నిలబడి కొట్టే భంగిమ నిలవదు. అవి గట్టిగా, అట్టలా ఉండాలి. చెమటకి మెత్తబడిపోతే పనికిరావు. బుజ్జి ఏడాదికోసారి సైజు మారుతుంది కాబట్టి, క్లబ్‌లో పెద్దపిల్లలు వదిలేసినవి ఏడాదికి సరిపోతాయి. ఒళ్లు ఎదగడం ఆగాక కొలతలిచ్చి కుట్టించు. పెల్లెట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, వెనక అంచు నొక్కుకుపోయిన చవక పెల్లెట్లతో రైఫిల్ ఎంత మంచిదైనా లాభం లేదు. అవి సీసం. కొట్టి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పుల్లట్టు ముక్క నోట్లో పెట్టుకోనివ్వకు, పెల్లెట్లు పళ్ల మధ్య పెట్టుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మాన్పించు.

నా లెక్క ఇది. హైదరాబాద్ రైఫిల్ సిలిండర్‌కి ఇంకా నాలుగైదేళ్లు ఉండి, గాలి నిలిచి, ఎడమ చేతి పట్టు దొరికితే, వాడడిగిన దానికి పదిహేను వేలు తక్కువకి మొదలుపెట్టు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంకొన్నాళ్లు క్లబ్ రైఫిల్‌తోనే కొట్టనీ. దానికి వరసలో నిలబడాల్సి రావడం తప్ప ఇప్పటికి పిల్లకొచ్చిన నష్టమేమీ లేదు.

వచ్చే ఆదివారం నేను ఎలాగూ హైదరాబాద్ వెళ్తున్నాను, మీ అక్కయ్య ఇంటికి. ఆ రైఫిల్ అమ్మేవాడి ఫోన్ నంబరు, రైఫిల్ ఉన్న ఏరియా పంపు. శనివారం రాత్రికి సిలిండర్ నింపి ఉంచమని నువ్వే ఫోన్ చేసి చెప్పు, నేను ఆదివారం పొద్దున వెళ్లి ముల్లు చూసుకుంటాను. నాలుగు రకాల పెల్లెట్లు నా సంచిలో ఉన్నాయి. అప్పటిదాకా అడ్వాన్సు అంటే ఒక్క రూపాయి కూడా పంపకు, ఎంత బతిమాలినా సరే.

ఉంటాను.

పెదనాన్న