అతుకులు కనపడేలా రాయి

నరసాపురం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మాయ్,

నువ్విచ్చిన పద్నాలుగు కాగితాలూ అందాయి. గోదావరి దాటించే పంటు దిగి ఎండలో మా ఇంటిదాకా నడిచొచ్చి, నేను లేనని మా కోడలి చేతికిచ్చి వెళ్లావట. ముందు ఒక్క ఫోను చేసుంటే ఉండేవాణ్ణి కదా. రాత్రి ఒకసారి, పొద్దున్న చర్చి నుంచి వచ్చాక ఇంకోసారి చదివాను. మార్జిన్‌లో ఎర్ర సిరా చూసి టెన్షన్ పడకు. 31 ఏళ్లు బళ్లో దిద్దిన చెయ్యి, ఊరికే ఉండదు.

పెట్రా అనే అమెరికా క్రైస్తవ రాక్ బ్యాండు చరిత్ర మలికిపురం పిల్లకి ఎందుకు రాయాలనిపించిందా అనుకున్నాను. మూడో పేజీలో దొరికింది. మస్కట్ నుంచి మీ నాన్న తెచ్చిన క్యాసెట్. దాని మీద ఒక్క వాక్యం రాసి వదిలేశావు. దాని సంగతి చివర్లో మాట్లాడతాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. నీ వ్యాసం హాజరుపట్టీలా ఉంది. ఫలానా సంవత్సరం ఫలానావాడు వచ్చాడు, ఫలానా సంవత్సరం ఫలానావాడు పోయాడు. పైగా అన్నీ 'బడింది'లే. "1972లో స్థాపించబడింది", "గాయకుడు చేర్చుకోబడ్డాడు". ఎవరు పెట్టారో నీకు తెలుసు. బాబ్ హార్ట్‌మన్, గ్రెగ్ హఫ్ గిటార్లు, జాన్ డిగ్రాఫ్ బేస్, బిల్ గ్లోవర్ డ్రమ్స్. ఆ నలుగురూ ఇండియానా రాష్ట్రంలో ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో మొదలుపెట్టారు. అంతే రాయి. వీలైతే ఆ ఊరు ఎలాంటిదో ఒక ముక్క చేర్చు. అక్కడ సెయింట్ జోసెఫ్, సెయింట్ మేరీస్ అని రెండు నదులు కలిసి మామీ అనే ఒక్క నది అవుతాయి. ధవళేశ్వరం దగ్గర ఒక్క గోదావరి గౌతమి, వసిష్ఠ అని చీలడం చూసినవాళ్లం మనం. మనకి అది తలకిందులైన లెక్క. ఆ ఒక్క ముక్కతో మనవాళ్లకి ఆ ఊరు కళ్లకి కడుతుంది.

పేరు గురించి పేజీన్నర రాశావు. మూడు లైన్లు చాలు. పెట్రా అంటే గ్రీకులో బండ. మత్తయి 16వ అధ్యాయం 18వ వచనం, "ఈ బండమీద నా సంఘమును కట్టుదును" అన్నది, మనవాళ్లకి సండే స్కూల్ నుంచే నోటికొచ్చు. 1969లో లారీ నార్మన్ తెచ్చిన 'అపాన్ దిస్ రాక్' ఆల్బం పేరు కూడా ఆ వచనంలోదే. క్రైస్తవ రాక్‌లో మొదటి ఆల్బం అదే అని చాలామంది అంటారు, కాబట్టి ఆ ముక్క ఉంచు. రాక్ అంటే వాళ్లకి బండా అవుతుంది, సంగీతమూ అవుతుంది. ఆ చమత్కారం తెలుగులోకి రాదు. విప్పి చెబితే చచ్చిపోతుంది, వదిలెయ్. ఇంకో మాట. 'బ్యాండు' అంటే మన వైపు పెద్దవాళ్లకి పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళమే. మా అమ్మే ఉంటే, "ఎవరి పెళ్లిరా?" అని అడిగుండేది. మొదటి పేరాలోనే ఇది ఎలాంటి బ్యాండో తేల్చెయ్.

అమ్మ మాటెత్తాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. మా అమ్మ లేసు పని చేసేది. నీకూ తెలిసే ఉంటుంది, అందులో చేతిపని వేరు, అతుకుపని వేరు. ఒకావిడ పువ్వులు అల్లుతుంది, ఇంకొకావిడ వాటిని కలిపి గుడ్డ చేస్తుంది. మా అమ్మది అతుకుపని. కిటికీ పక్కన కూర్చుని ఒక్కో పువ్వూ వేళ్ల మధ్య తిప్పి చూసేది. "ఇది ఫలానా ఆవిడ చెయ్యి, దారం బిగించి లాగుతుంది. దీని పక్కన వదులు పువ్వు వేస్తే గుడ్డ ముడుచుకుపోతుంది" అనేది. కొనేవాడికి అంతా ఒకటే తెలుపు. ఆమెకి మాత్రం ఎక్కడ చెయ్యి మారిందో కనపడేది. మనుషులు మారుతూ వచ్చిన బ్యాండు గురించి రాసేవాడికి ఆ కన్ను ఉండాలి. నీ వ్యాసంలో పువ్వులన్నీ లెక్కపెట్టావు కానీ అతుకు ఎక్కడ పడిందో చూపించలేదు.

పెద్ద అతుకు ఒకటుంది. "1985లో వోల్జ్ నిష్క్రమించగా 1986లో ష్లిట్ నియమించబడ్డాడు" అని రాశావు. నియమించబడ్డాడట! సచివాలయంలో పోస్టా అది?

అక్కడ ఆగి నిలబడు. గ్రెగ్ వోల్జ్ 1979 నుంచి పూర్తిస్థాయి గాయకుడు. పైస్థాయిలో కూడా చెదరని, నీళ్లలాంటి గొంతు. ఆ ఏళ్లలో పెట్రా అంటే జనానికి ఆ గొంతే. అతని చోటికి వచ్చినవాడు ఎవరు? జాన్ ష్లిట్. అంతకుముందు హెడ్ ఈస్ట్ అనే మామూలు రాక్ బ్యాండులో పాడాడు. తాగుడు, కొకైన్ వల్ల 1980లో వాళ్లు బయటికి పంపేశారు. ఆ ఏడాదే విశ్వాసంలోకి వచ్చాడు, తర్వాత కొన్నేళ్లు పాట జోలికే పోకుండా ఇంజనీరుగా ఉద్యోగం చేసుకున్నాడు. అలాంటివాడికి హార్ట్‌మన్ నుంచి పిలుపొచ్చింది. ష్లిట్‌ది గరుకు గొంతు, చివర్లో చీరుకుపోయినట్టుంటుంది.

ఇప్పుడు మిగతావాళ్లని చూడు. గిటార్ హార్ట్‌మన్‌దే. డ్రమ్స్ దగ్గర 1981 నుంచీ ఉన్న లూయీ వీవరే. కీబోర్డు మీద 1984లో వచ్చిన జాన్ లారీ, బేస్ మార్క్ కెల్లీ. నలుగురూ అక్కడే ఉన్నారు, గొంతొక్కటే మారింది. అతుకు ఎలా పడిందో చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పైగా నువ్వు చర్చిలో కీబోర్డు వాయించేదానివి. మీ సంఘంలో ముందుండి పాడే అక్క పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు ఏం చేశావు? ఆమె చోట వేరొకరు నిలబడగానే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వెతుక్కున్నావా, లేదా? పాటకి ముందు వాయించే ముక్క పొడుగు మార్చావా? కొత్తావిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో చూసి అక్కడ చెయ్యి ఆపావా? నీకు అదంతా వేళ్లలో ఉంది. లారీ వచ్చాక వోల్జ్ పాడిన ఆల్బం ఒకటి, ష్లిట్ పాడింది ఒకటి పక్కపక్కన పెట్టుకుని, గొంతుని వదిలేసి లారీ వేళ్లు మాత్రం విను. విన్నది రాయి. నాకు రాగం తెలుస్తుంది కానీ సింథసైజర్ తెలియదు. ఆ రెండు పేజీలు నీ నుంచే నేర్చుకోవాలి.

ఇంకో జబ్బు. ఎవరు వెళ్లిపోయినా "ప్రభువు వేరే పరిచర్యకు పిలిచాడు" అని రాశావు. ఏడుసార్లు. మనవాళ్లకి అది అలవాటైన మాట. పాస్టరుగారు మారినా, కొయిర్‌లో గొడవై ఒకడు మానేసినా అదే మాట అనేస్తాం. పిలిచి ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ మాట ఎవరన్నారు? వెళ్లినవాడే అంటే, "నన్ను అలా పిలిచాడని అతనన్నాడు" అని రాయి. ఎవరూ అనకపోతే తేదీ రాసి ఊరుకో. దేవుడి నోట్లో మాటలు పెట్టే పని మనకొద్దు.

దీనికి తిరగేసిన జబ్బు కూడా పట్టుకున్నావు. లూయీ వీవర్ 2003లో బ్యాండు నుంచి ఎందుకు వెళ్లాడో అరపేజీ ఊహించి రాశావు. కొట్టేశాను. దాని బదులు 22 ఏళ్లు అన్న అంకె తీసుకుని కూర్చో. 1981 నుంచి 2003 దాకా ఒకే మనిషి డ్రమ్ముల వెనక. ముందున్న గొంతు మారడం చూశాడు. కెల్లీ వెళ్లిపోయి 1988లో రానీ కేట్స్ రావడం, 1995లో కేట్స్ కూడా వెళ్లిపోవడం చూశాడు. అందరి వీపులూ ఎరిగినవాడు డ్రమ్మరే. వ్యాసమంతా అతని స్టూలు మీద కూర్చుని చెప్పొచ్చు తెలుసా? నేనైతే అలాగే రాస్తాను. నువ్వు వేరేలా రాసినా ఏమీ అనుకోను.

వెనక కూర్చునేవాళ్ల మాట ఊరికే చెప్పడం లేదు. నా ముప్పయ్యో ఏట ఒక సంఘం వాళ్లు రజతోత్సవ సంచిక కోసం తమ గాయకబృందం చరిత్ర రాయమన్నారు. రాశాను. పాడినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు, అధ్యక్షులు, కార్యదర్శులు, అందరి పేర్లూ తేదీలతో సహా. సంచిక వచ్చిన మూడో రోజు సాయంత్రం డోలక్ వాయించే ఆయన మా అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. పాతికేళ్లూ వాయించింది ఆయనొక్కడే. సంచికని పంచె అంచుతో పట్టుకుని ఉన్నాడు, చేతి చెమట అంటుతుందని కాబోలు. మొదటినుంచి చివరిదాకా మెల్లగా తిప్పి, "నేనెక్కడున్నాను మాస్టారూ?" అన్నాడు. కోపం కూడా లేదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు. మారినవాళ్ల పేర్లు రాసే హడావుడిలో మారనివాణ్ణి మర్చిపోయాను. ఆయన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. తర్వాత పదేళ్లు బతికాడు. ఇంకో సంచిక రాలేదు.

సరే. 1995. ఈ ఏడాదికి నువ్వు ఒక వాక్యం ఇచ్చావు, నా లెక్కలో పేజీ ఇవ్వాలి. బాబ్ హార్ట్‌మన్ ఊళ్లు తిరగడం మానేశాడు. అంటే 1972లో మొదలుపెట్టిన నలుగురిలో ఒక్కడూ ఇక స్టేజీ మీద లేడు. అయినా పేరు పెట్రాయే. ఆయన వెనక ఉండి పాటలు రాశాడు, ముందు గిటార్ పట్టింది వేరేవాళ్లు. బుర్రకథ దళంలో హాస్యం చెప్పేవాడు మారితే ఊరు ఓర్చుకుంటుంది, రాజకీయం చెప్పేవాడు మారినా సర్దుకుంటుంది. తంబూరా పట్టిన కథకుడే వెళ్లిపోయి, కథ మాత్రం రాసి పంపిస్తుంటే అది ఆ దళమేనా? నీ వ్యాసం అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. జవాబు నేను చెప్పను, నాకు ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. 2003లో హార్ట్‌మన్ తిరిగి బ్యాండులోకి వచ్చాడన్నది కూడా మర్చిపోకు. ఆయనకేమనిపించిందో అందులో కొంత ఉంది.

గ్రామీలు, 2000లో గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవడం, ఇవన్నీ కలిపి ఒక్క వాక్యం. షీల్డుల జాబితా ఎవరూ చదవరు.

డ్రమ్ములూ ఎలక్ట్రిక్ గిటార్లూ దేవుడి పాటకి తగవని అమెరికాలో చాలా సంఘాలు అప్పట్లో తిట్టిపోశాయని రాశావు. నిజమే. కానీ అదేదో అక్కడి వింతలా రాశావు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు ఆ తర్వాత మన నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. వాళ్లది బ్రదరెన్ అనే ప్రొటెస్టెంటు సంఘాల బాట. ఆ బాటలో రొట్టె విరిచే ఆరాధనలో వాయిద్యం లేకుండా పాడటం చాలాచోట్ల మామూలే. ఇంకోవైపు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. గుడిలో ఏ చప్పుడు తగును, ఏది తగదు అన్న గొడవ మన గడపలో కూడా ఉంది. రెండు వాక్యాలు చాలు, కానీ ఉండాలి.

చివరికి వచ్చేసరికి నువ్వు అలిసిపోయావు, చేతిరాతే చెబుతోంది. వాళ్ల వీడ్కోలు కచేరీ 2005 డిసెంబరు 31 రాత్రి మొదలై జనవరి 1లోకి దాటింది, నార్త్ కరోలినాలో మర్ఫీ అనే ఊళ్లో. తేదీ రాసి ఫుల్‌స్టాప్ పెట్టేశావు. అమ్మాయ్, డిసెంబరు 31 రాత్రి అంటే ఏమిటో నీకు తెలియదా? ఆ రాత్రి మన దగ్గర ఏ చర్చిలో దీపం వెలగదు? పన్నెండు కొట్టేదాకా సాక్ష్యాలు, పాటలు, తర్వాత ఒక్కొక్కరూ వెళ్లి తీసుకునే, బైబిలు వచనం రాసున్న వాగ్దానం కార్డులు, ఇంటికొచ్చే దారిలో మంచు. వాళ్లు పాడిన ఆ రాత్రే మీ వీధిలో నాన్నమ్మ చెయ్యి పట్టుకుని నువ్వు కూడా మేలుకునుంటావు. అది గుర్తుంటే రాయి. లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడుగు. తర్వాత 2010లో వోల్జ్, హార్ట్‌మన్, కెల్లీ, లారీ, వీవర్ మళ్లీ కలిశారు, అదీ వెయ్యి. వీడ్కోలు చెప్పాక మళ్లీ వచ్చారేమిటని సిగ్గుపడుతున్నట్టు ఫుట్‌నోట్‌లో దాచావెందుకో.

ఇక క్యాసెట్. లేబుల్ చెరిగిపోయింది, ఏ ఏడాదిదో తెలియదు అన్నావు. ఇన్ని కాగితాలు రాసిన నువ్వు అలా అనడం ఏమీ బాగాలేదు. గొంతు వింటే 1985కి అటో ఇటో నీకే తెలుస్తుంది. నాన్న మస్కట్ గదిలో రాత్రుళ్లు ఎవరిని విన్నాడో తెలిస్తే వ్యాసం ఎక్కడ మొదలవ్వాలో కూడా తెలుస్తుంది. మా ఇంట్లో టేప్ రికార్డర్ ఇంకా తిరుగుతుంది, బెల్టు కొంచెం వదులు. రిబ్బను సాగి ఉంటే పెన్సిల్ పెట్టి బిగించి తీసుకురా. వచ్చే శనివారం పొద్దున్న పంటుకే బయల్దేరు, ఈసారి ఫోను చేసి. నాన్నకి తీరికుంటే ఆయన్ని కూడా తీసుకురా.

వందనాలతో,
మీ మాస్టారు