ఆయన ఆగినచోట నువ్వు దూరకు

చిన్నోడికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పోయిన ఆ కవిగారి చివరి ఆల్బమ్ తీసుకుని, గొంతు ఒక్కటే ఉంచి, మిగతా సంగీతమంతా మీ జాజ్ బ్యాండుతో కొత్తగా కట్టబోతున్నావట. వినగానే ఛాతీ పొంగింది. మూడు వారాల్లో అయిపోతుందన్నావని తర్వాత చెప్పింది, అప్పుడు నిద్ర పట్టలేదు. ఒరేయ్, మూడు వారాలు ఆ గొంతు సరిగా వినడానికే చాలవు.

మీ షికాగోలోనే ఈ పని చేసి చూపించిన డ్రమ్మర్ ఉన్నాడు, మకాయా మెక్‌క్రేవెన్. అమెరికన్ కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరాన్ చివరి ఆల్బమ్ 'ఐయామ్ న్యూ హియర్' 2010 ఫిబ్రవరిలో వచ్చింది. నిడివి 28 నిమిషాలే. నిర్మాత రిచర్డ్ రస్సెల్ ఆ గొంతు వెనక ఎలక్ట్రానిక్ మోతలు పెట్టాడు. ఏడాదికే జేమీ ఎక్స్ఎక్స్ అనే బ్రిటిష్ నిర్మాత దాన్ని డాన్స్ వైపు తిప్పి ఇంకో ఆల్బమ్ చేశాడు. అప్పటికి గిల్ బతికే ఉన్నాడు, నచ్చకపోతే నచ్చలేదనగలడు. 2011 మే 27న ఆయన పోయాడు. మెక్‌క్రేవెన్ 'వుయ్‌ఆర్ న్యూ అగైన్' 2020 ఫిబ్రవరిలో వచ్చింది, అంటే అసలు ఆల్బమ్ వచ్చిన సరిగ్గా పదేళ్లకు. ఈసారి వద్దనడానికి మనిషి లేడు. నీ కవిగారూ లేరు. నా గుబులంతా అక్కడే ఉంది.

అనుమతుల సంగతి ముందు తేల్చుకో. రికార్డింగు హక్కు కంపెనీది, మాటల హక్కు వారసులది, రెండూ వేరు. కవి వేరేవాళ్ల పాట పాడి ఉంటే మూడో తలుపు కూడా తట్టాలి. గిల్ ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటే ఆయనది కాదు, గాయకుడు బిల్ క్యాలహన్‌ది. అమెరికాలో ఒకరి పాటను మళ్లీ పాడి రికార్డు చేయడానికి చట్టప్రకారం దొరికే లైసెన్సు ఒకటుంది. పాత రికార్డింగులోంచి గొంతు కోసుకోవడానికి అది పనికిరాదు. సంతకాలు పడేదాకా ఎవరికీ వినిపించకు.

గొంతు విడి ట్రాకుగా అడుగు. మిక్స్ అయిపోయిన రెండు చానెళ్ల ఫైలు ఇచ్చి, సాఫ్ట్‌వేర్‌తో విడదీసుకోమంటారు. విడదీయొచ్చు, కానీ పాత డ్రమ్ము మోత నీళ్లలో గులకరాళ్లలా హల్లుల కింద గలగలమంటూ ఉంటుంది, 'స', 'ష' అరిగిపోతాయి. కొత్త సంగీతం పలచబడిన ప్రతిచోటా ఆ పాత ఆల్బమ్ దెయ్యంలా వినబడుతుంది.

ఫైలు రాగానే శాంపుల్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క) చూడు. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలును 48లో నడిపిస్తే వేగం దాదాపు 9 శాతం పెరుగుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్లు (సెమీటోన్ అంటే సగం స్వరం) పైకి పోతుంది. 28 నిమిషాల రికార్డు 25 నిమిషాల 44 సెకన్లకే అయిపోతుంది. పాట అయితే వెంటనే పట్టుకుంటావు. మాట్లాడే గొంతు అలా కాదు, ఈయన కాస్త చురుగ్గా చదివాడులే అనుకుని ముందుకు పోతావు. అందుకే పాత ఆల్బమ్ పక్కన పెట్టుకుని ఒక్కో ట్రాకు నిడివి సరిచూడు.

ఇక అసలు సంగతి. ఈ పనిలో దిగినవాళ్లంతా చేసే పాత తప్పు ఒకటుంది. డ్రమ్మర్లైతే మరీనూ. గొంతును తాళంలో కూర్చోబెట్టడం.

ఎలా జరుగుతుందో చెప్తాను. నువ్వు నిమిషానికి 92 బీట్ల టెంపోలో ఒక లూప్ (పదేపదే తిరిగే తాళం ముక్క) కట్టావనుకో. ఒక్కో బీటు 0.65 సెకను. కవి ఒక వాక్యం చెప్పి 1.8 సెకన్లు ఆగాడు. నీ లెక్కలో అది రెండు బీట్లూ కాదు, మూడూ కాదు, రెండూ ముప్పావు. తర్వాతి మాట నీ బీటుకు ముందే పడుతోంది. చెవికి చిరాకు. మౌస్ పట్టుకుని ఆ మాటను ఆరో వంతు సెకను వెనక్కి జరుపుతావు. మూడు బీట్లు నిండాయి, బాగుంది. తర్వాతి వాక్యంలోనూ అదే. ఇంకోచోట ఊపిరి పీల్చిన చప్పుడు స్నేరు డ్రమ్ము దెబ్బ మీద పడుతోందని దాన్ని తీసేస్తావు. విడిగా చూస్తే ఏ ఒక్క కత్తిరింపూ తప్పుగా తోచదు. నలభై చేసేసరికి మనిషి మారిపోతాడు. తడుముకుంటూ, మాట వెతుక్కుంటూ చెప్పిన ముసలాయన బట్టీపట్టి అప్పజెబుతున్న కుర్రాడవుతాడు. పైగా ఊపిరి తీసేసినచోట గది చప్పుడు కూడా పోయి గుంత పడుతుంది. దాన్ని పూడ్చడానికి రివర్బ్ (గది ప్రతిధ్వని) పోస్తావు. అప్పుడు గొంతు దూరం జరుగుతుంది. దగ్గరకు లాగడానికి కంప్రెసర్ (గట్టి, మెల్లటి చప్పుళ్ల తేడా తగ్గించేది). ఒక్క బీటు కోసం మొదలైంది ఎక్కడికి పోయిందో చూడు.

మన పౌరాణిక నాటకంలో పద్యం చూశావుగా. నటుడు విరుపు దగ్గర ఆగుతాడు. హార్మోనియం ఆయన వదిలిన స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది, అంతే. ఆయన ఎప్పుడు ఎత్తుకుంటాడో వాయించేవాడికి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన నోటి వైపు చూస్తూ ఉంటాడు. నీకు చూడ్డానికి నోరు లేదు కాబట్టి కాగితం కావాలి.

మాటలన్నీ వెడల్పు వరుసల్లో అచ్చు వేయించుకో. ఒత్తి పలికిన అక్షరం కింద ఎర్రగీత, ఊపిరి దగ్గర నీలిగీత, ఆగినచోట ఎన్ని సెకన్లో అంకె. అరగంట గొంతుకు నాలుగైదు రోజులు పడుతుంది, పట్టనీ. తర్వాత లూప్ లేకుండా, ఒట్టి గొంతుతో వేళ్లు బల్ల మీద ఆడించు. వేగం ఏ 86 దగ్గరో మొదలై 93 దాకా పోయి మళ్లీ దిగొచ్చు. నీ టెంపో మ్యాప్ అదే. లూప్ మీద కట్టాలనే పట్టుదల ఉంటే, చరణానికి ఒక్కచోట, మొదట ఒత్తి పలికిన అక్షరాన్ని మాత్రమే బీటు మీద పెట్టు. మిగతాది తేలనీ. సాగదీయడం, కుదించడం ఎక్కువైతే హల్లులు నలుగుతాయి. ఊపిర్లు ఒక్కటీ తీయకు. కత్తిరింపు తప్పనిచోట, ఆ ట్రాకులోనే ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల గది చప్పుడు దొరకబుచ్చుకుని కింద పరిచి, 10 నుంచి 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్‌తో (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా) అతుకు.

వాయిద్యాల విషయంలో ఒక్కమాట. ముసలి మగ గొంతు మూల శ్రుతి 85 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. బాస్ రెండో హార్మోనిక్కూ (మూల శ్రుతికి రెట్టింపు ధ్వని) కిక్ డ్రమ్ము ఒళ్లూ అక్కడే పడతాయి. గొంతును కోయకు, బాస్‌నే 120 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించు. మాట అర్థమయ్యేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య, రైడ్ సింబల్ (తాళం నడిపే పెద్ద పళ్లెం) కూర్చునేదీ అక్కడే. మెత్తగా ఉంటుందని కర్రల బదులు బ్రష్షులు పట్టుకుంటావు, నాకు తెలుసు. ఆ బ్రష్షు సవ్వడి 'స', 'ష' ఉండేచోటే ఉంటుంది, రైడ్ కన్నా ఎక్కువ కప్పేస్తుంది. మాట నడుస్తున్నప్పుడు మెత్తటి తలలున్న మ్యాలెట్లతో టామ్‌ల మీద ఉండు, మాట అయ్యాక బ్రష్షు తీసుకో. మెక్‌క్రేవెన్ ఆల్బమ్‌లో బ్రాండీ యంగర్ హార్ప్ విను. తీగ మీటగానే మొన తగ్గిపోతుంది, తర్వాత మోగేదంతా మాటకు చోటిస్తుంది. గిటార్ జెఫ్ పార్కర్, బాస్ జూనియస్ పాల్.

బ్యాండును రికార్డు చేసేటప్పుడు గొంతు అందరికీ వెనక మూసి ఉన్న హెడ్‌ఫోన్లలోనే వినిపించు, స్పీకర్లలో వద్దు. డ్రమ్ముల పైనున్న మైకుల్లోకి అది కారితే, తర్వాత అసలు గొంతును వెంట్రుకవాసి జరిపినా రెండు గొంతులు వినబడతాయి.

ఇంకో సంగతి. గిల్ ఆల్బమ్‌లో పద్యాల మధ్య చిన్నచిన్న కబుర్లున్నాయి, ఊరికే మాట్లాడుతుంటాడు. పనికిరానివని పక్కన పెట్టేలా ఉంటాయి. నీ రికార్డులో అలాంటివుంటే అవే ముందు విను, ఆయన మామూలు నడక అక్కడే తెలుస్తుంది. గిల్ పుట్టింది షికాగోలోనే అయినా, చిన్నప్పుడు పెంచింది టెనెసీ రాష్ట్రంలోని జాక్సన్‌లో అమ్మమ్మ లిలీ స్కాట్. ఆ ఆల్బమ్ మొదలయ్యేదీ ముగిసేదీ తనను పెంచిన ఆడవాళ్ల మాటతోనే. మెక్‌క్రేవెన్ దానికి తన ఇంటినే జోడించాడు. డ్రమ్మర్ అయిన తండ్రి స్టీఫెన్ మెక్‌క్రేవెన్ పాత రికార్డింగుల్లోంచి ముక్కలు తీసి వాడాడు.

అది తెలిసినప్పటి నుంచి అటక మీది పెట్టె గుర్తొస్తోంది. మీ నాన్న తబలా క్యాసెట్లు 11 ఉన్నాయి. వాడమని అనడం లేదు, అతకకపోతే అతకవు. వచ్చే నెల మీ అమ్మతో పంపిస్తాను. ప్లే చేసేముందు ప్రతి క్యాసెట్టునూ ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పు, ఇన్నేళ్లుగా చుట్ట బిగుసుకుని ఉంటుంది. మోత మందంగా వస్తే టేపు పోయిందనుకోకు. డెక్కులో హెడ్డు పక్కనున్న చిన్న మరను, పైస్థాయి తేటగా వినబడేదాకా కొంచెం కొంచెంగా తిప్పు. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవరే వాడు. నాలుగో క్యాసెట్టు బి వైపు చివర్లో ఆయన ఆపి, ఎవరినో మంచినీళ్లడుగుతాడు. అది చెరపకు.

అమ్మకు ఫోన్ చెయ్యి. నీకు మధ్యాహ్నం రెండైతే ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది, కాబట్టి పొద్దున్నే చెయ్యి.

మామయ్య