గుట్టలు, చెరువులు గీసే అమ్మాయి ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. గుట్టలు, చెరువులు చూసి బొమ్మలు వేస్తుంది. వాటినే బట్ట మీద, మట్టిలో కూడా చేస్తానంటోంది, ఇంజనీరింగ్ వద్దంటోంది. పెయింటింగ్, టెక్స్‌టైల్, సిరామిక్స్‌లలో ఏది భద్రం? బంధువులు యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్‌లు వాడేవారికి తేలికగా ఉండేలా రూపొందించే పని) మేలంటున్నారు.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీరు అడిగింది మూడు కోర్సుల మధ్య పోలికే అయినా, ఇంజనీరింగ్ వద్దన్న పిల్ల రేపు తన కాళ్ల మీద నిలబడగలదా అన్న బెంగే మీ ఉత్తరమంతా ఉంది. అలాంటి బెంగతో నా దగ్గరకు చాలామంది తల్లిదండ్రులు వస్తారు. అది సహజమే. కానీ భద్రత గురించి, బంధువుల మాటల గురించి రాసిన మీరు, అమ్మాయి వేసిన ఒక్క బొమ్మ అయినా ఎలా ఉందో రాయలేదు. చూడకుండానే తీర్పు చెప్పడం ఆమెకు అన్యాయం.

ముందు యూఎక్స్ సంగతి చెబుతాను. అది చెడ్డ వృత్తి కాదు. అయితే ఇప్పుడు దాన్ని సిఫారసు చేస్తున్నంత ధీమాగానే కొన్నేళ్ల క్రితం యానిమేషన్‌ను సిఫారసు చేశారు. కొద్ది నెలల సర్టిఫికెట్‌తో ఉద్యోగం ఖాయమనే ప్రకటనలను నేను నమ్మను. నేను చూసే ఉద్యోగ ప్రకటనల్లో చాలావరకు అనుభవం అడిగేవే, పైగా మామూలు స్క్రీన్‌ల పనిని కృత్రిమ మేధ పరికరాలు ఇప్పటికే చేసిపెడుతున్నాయి. రంగు, నూలు, మట్టి చేతికి తగలాలని కోరుకునే పిల్లను రోజంతా తెర ముందు కూర్చోబెడితే భద్రత వస్తుందన్న హామీని నేనైతే ఇవ్వలేను.

ఆమె కోరిక వింతైనదేమీ కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లోను, బరోడాలోను చదువుకొని, తన పల్లెను, అక్కడి మనుషులను ఎచింగ్‌లలోకి (లోహపు రేకు మీద గీసి కాగితంపై అచ్చువేసే బొమ్మలు), రంగుల్లోకి, కాల్చిన మట్టిలోకి తెచ్చారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. అందరికీ అంత పేరు రాకపోవచ్చు, కానీ బొమ్మలు వేయడంతో పాటు బోధన కూడా జీవనాధారం కాగలదని మీరు గమనించాలి.

ఇక పోలిక. మూడింటిలో జీతం ఉన్న ఉద్యోగాలకు దగ్గరగా ఉన్నది టెక్స్‌టైల్, దానికి మాదాపూర్‌లోని ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. పోచంపల్లి ఇక్కత్‌లో గుట్ట అంచు ఎక్కడ రావాలో నేయకముందే లెక్కగట్టి, నూలుకు ముడులు వేసి రంగులో ముంచుతారు కాబట్టి, ఎంపీసీ చదివిన బుర్రకు అక్కడ పని దొరుకుతుంది. పెయింటింగ్‌కైతే మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో లలితకళల డిగ్రీ బీఎఫ్‌ఏ చేయవచ్చు. ఖర్చు తక్కువే గాని సంపాదన నిదానంగా వస్తుంది. సిరామిక్స్‌కు అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్‌ఐడీ) వంటి చోటికి వెళ్లాలి. స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టి పాత్రలను 1,200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చాలి గనుక సొంత బట్టీ పెట్టుబడితో కూడిన పని, మొదట్లో మరొకరి స్టూడియోలో చేయడమే మేలు.

ఏది ఎంచుకున్నా ఆమె ఆకలితో ఉండిపోతుందని భయపడకండి. ఒక ఆదివారం ఆమెతో పోచంపల్లి వెళ్లి, మగ్గాల దగ్గర ఆమె ఏమేం అడుగుతుందో వినండి. తర్వాత ఆమె బొమ్మలు నాలుగైదు జతచేసి మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం ఆమెనే రాయనివ్వండి.