పాత ఇంటెల్ ఐ5-4570 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వేస్తే కొత్త గేములు నడుస్తాయా?

మీరు ఆడాలనుకునే గేమును బట్టి ఉంటుంది. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 లాంటివైతే ఈ సిస్టమ్‌కి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు తగిలించి హాయిగా ఆడుకోవచ్చు. ఆ కార్డు మామూలు మోడళ్లు 75 వాట్లు దాటవు, చాలావాటికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో పవర్ సప్లై చిన్నది కాబట్టి ఇది పెద్ద విషయమే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు చవగ్గా దొరికినా వద్దు. అది మదర్‌బోర్డుతో డేటా పంచుకోవడానికి నాలుగు పీసీఐ లేన్లే (దారులే) వాడుతుంది, మీ పాత పీసీఐ 3.0 స్లాట్‌లో వేగం తగ్గుతుంది.

సైబర్‌పంక్ 2077 లాంటివాటి దగ్గరే చిక్కు. దాని కనీస అవసరాలే ఐ7-6700, 12 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. మీ ప్రాసెసర్‌కి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనులే చేయగలదు. ఎంత మంచి కార్డు పెట్టినా ప్రాసెసర్ అందుకోలేదు. ఇప్పటికే కార్డు ఉంటే రిజల్యూషన్ తగ్గించి చూడండి, ఫ్రేములు పెరగకపోతే చాలావరకు లోపం ప్రాసెసర్‌దే. సెకండ్ హ్యాండ్ ఐ7-4770 అదే సాకెట్‌లో కూర్చుంటుంది, కొంత మెరుగే. కానీ నేనైతే దానిమీద ఎక్కువ ఖర్చు పెట్టను.

పైగా విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అర్హత, మీది నాలుగో తరం. విండోస్ 11లో వాలరెంట్ గేముకి టీపీఎం 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యే సెట్టింగ్) కూడా ఉండాలి.

అందుకే ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ, అవసరమైతే కార్డు కొనండి, రెండూ రేపు కొత్త మదర్‌బోర్డులోకి పనికొస్తాయి. మీ పాత సిస్టమ్‌లోని డీడీఆర్3 రకం ర్యామ్ మాత్రం పనికిరాదు.