ప్రీ లాంచ్‌లో మొత్తం డబ్బు కట్టాం, అనుమతే రాలేదు: రద్దు పత్రంపై సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ పశ్చిమ శివార్లలో, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరగా కట్టబోతున్నామన్న ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో 2022 సెప్టెంబరులో ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ఆఫర్ కింద 1,400 చదరపు అడుగుల ఫ్లాట్ బుక్ చేసుకున్నాను. చదరపు అడుగు 3,000 రూపాయల చొప్పున 42 లక్షలూ ఒకేసారి కట్టాను. అందులో 36 లక్షలు బ్యాంకు ద్వారా, 6 లక్షలు నగదుగా ఇచ్చాను. నా దగ్గర ఎంఓయూ (అవగాహన ఒప్పందం), రసీదులు, బ్రోచర్ ఉన్నాయి. ఆరు నెలల్లో అనుమతులు వస్తాయని, 2025 డిసెంబరుకల్లా ఫ్లాట్ చేతికిస్తామని చెప్పినవారు నేటికీ పునాది కూడా తీయలేదు. స్థలంలో కొంత భాగం చెరువు బఫర్ జోన్‌లోకి (చెరువు చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలంలోకి) వస్తోందని, అందుకే అనుమతి ఆగిందని ఇప్పుడు అంటున్నారు. 40 గజాల యూడీఎస్ (భూమిలో అవిభాజ్య వాటా) రిజిస్టర్ చేస్తామని, లేదంటే తమ మరో ప్రాజెక్టులోకి మారమని, అదీ వద్దనుకుంటే రద్దు పత్రంపై సంతకం పెట్టి అసలు కాగితాలు అప్పగిస్తే వడ్డీ లేకుండా అసలును ఏడాదిలోగా వాయిదాల్లో చెల్లిస్తామని లెటర్‌హెడ్ మీద రాసి పంపారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరే లేని ప్రాజెక్టుపై రెరాకు వెళ్లి ప్రయోజనం లేదని వాళ్ల మేనేజరు చెబుతున్నాడు. నేనేం చేయాలి?

జవాబు: మీరు జతచేసిన కాగితాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ఒక్క పేజీ రద్దు పత్రం. అందులో రెండో వాక్యం "నా స్వంత కారణాల వల్ల పై బుకింగును రద్దు చేసుకుంటున్నాను" అని మొదలై, "సంస్థపై నాకు ఎలాంటి క్లెయిమూ లేదు, ఇకముందు ఉండబోదు" అని ముగుస్తోంది. ఇందులోని "స్వంత కారణాల వల్ల" అనే మూడు మాటలు మీకు కొన్ని లక్షల రూపాయల నష్టం తెచ్చిపెట్టగలవు. ఎందుకంటే, బిల్డర్ తప్పు వల్ల డబ్బు వెనక్కి తీసుకునే వ్యక్తికి చట్టం వడ్డీ ఇప్పిస్తుంది. మనసు మార్చుకుని తనంతట తాను తప్పుకున్న వ్యక్తికి ఆ రక్షణ దాదాపుగా ఉండదు. అందువల్ల మీరు చివరికి ఏ దారి ఎంచుకున్నా సరే, ఆ పత్రంపై ఇప్పుడున్న రూపంలో సంతకం పెట్టకండి. ఎంఓయూ, రసీదుల అసలు ప్రతులను ఎవరి చేతికీ ఇవ్వకండి.

మేనేజరు చెప్పిన మాట చట్టం చెప్పేదానికి పూర్తిగా విరుద్ధం. రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 లోని సెక్షన్ 3 ప్రకారం, స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా, ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం, అమ్మడం, అమ్మజూపడం అన్నీ నిషిద్ధమే. కొన్ని స్వల్ప మినహాయింపులు పక్కన పెడితే, ప్రీ లాంచ్ పేరుతో జరిగే వసూళ్లన్నీ ఈ నిషేధం కిందికే వస్తాయి. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా విధించే అధికారాన్ని సెక్షన్ 59 ఇస్తోంది. నిషేధం బిల్డర్ మీద ఉందే తప్ప కొనుగోలుదారు మీద లేదు. కాబట్టి నంబరు లేకపోవడం వాళ్లపై నమోదయ్యే మొదటి నేరారోపణ అవుతుంది గానీ, మీ ఫిర్యాదుకు అడ్డంకి కాదు. చట్టాన్ని పాటించనివాడు ఆ కారణంగానే చట్టం చేతికి చిక్కకుండా పోతాడంటే, ఇక నమోదు చేయించుకున్న బిల్డర్లే అమాయకులనుకోవాలి.

అయితే ఎదుటి పక్షం వాదన ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండటం మంచిది. ఆలస్యమైనప్పుడు డబ్బు వడ్డీతో వాపసు కోరే హక్కును ఇచ్చేది సెక్షన్ 18. అందులో "విక్రయ ఒప్పందం నిబంధనల ప్రకారం" అనే మాట ఉంది. మీ దగ్గర ఉన్నది ఎంఓయూ మాత్రమేనని, ఫ్లాట్ నంబరు కూడా కేటాయించలేదని, కాబట్టి మీరు చట్టం చెప్పే "అలాటీ" (ఫ్లాట్ కేటాయింపు పొందిన వ్యక్తి) కిందికే రారని వాళ్లు తప్పక అంటారు. దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందుగా రాతపూర్వక విక్రయ ఒప్పందం చేసుకుని రిజిస్టర్ చేయించాల్సిన బాధ్యతను సెక్షన్ 13 బిల్డర్ మీదే పెట్టింది. నూటికి నూరు శాతం వసూలు చేసి, ఒప్పందం రాయకుండా ఉండిపోయి, ఇప్పుడు ఒప్పందం లేదని వాదించడం తన తప్పునే తనకు కవచంగా వాడుకోవడం అవుతుంది. రెండోది, సెక్షన్ 12. ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు లేదా డిపాజిట్ చెల్లించిన "ఏ వ్యక్తికైనా" ఈ సెక్షన్ వర్తిస్తుంది. మీ బ్రోచర్‌లో చెరువు ఒడ్డునే బాల్కనీలు, "అన్ని అనుమతులూ తుది దశలో" అనే వాక్యం స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ రంగుల కాగితం ఈ కేసులో మీకు ఎంఓయూతో సమానమైన సాక్ష్యం కాబట్టి పారేయకండి.

గడువు దాటిన తర్వాత వాపసు కోరే హక్కుకు షరతులు లేవని, జాప్యానికి కారణం ఏదైనా ఆ హక్కు చెక్కుచెదరదని సుప్రీంకోర్టు 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో తేల్చి చెప్పింది. అనుమతులు ఆలస్యమైతే వడ్డీ అడగరాదని మీ ఎంఓయూలో ఉన్న నిబంధనను కూడా చూశాను. అలాంటి ఏకపక్ష షరతులు అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తాయని, అవి కొనుగోలుదారును కట్టిపడేయలేవని 2019 ఏప్రిల్‌లో పయనీర్ అర్బన్ కేసులో అదే కోర్టు చెప్పింది. తెలంగాణ రెరా నిబంధనల ప్రకారం వడ్డీ రేటు స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు (రుణాలపై బ్యాంకు పెట్టుకునే ప్రామాణిక వడ్డీ రేటుకు) మరో రెండు శాతం కలిపినంత. వాపసు, వడ్డీ కోసం రెరా అథారిటీ ముందు ఫారం ఎం లో ఫిర్యాదు చేయాలి. ఈ మూడేళ్లలో కట్టిన ఇంటి అద్దె, మానసిక వేదన వంటివాటికి పరిహారం కావాలంటే న్యాయనిర్ణేత అధికారి ముందు ఫారం ఎన్ లో విడిగా అడగాలి. చాలామంది రెండింటినీ ఒకే ఫిర్యాదులో కలిపేసి నెలలు పోగొట్టుకుంటున్నారు.

ఇక యూడీఎస్ సంగతి. రిజిస్ట్రేషన్ అనే మాట వినగానే మనవాళ్లకు ధైర్యం వస్తుంది కాబట్టే ప్రీ లాంచ్ వ్యాపారమంతా దీని చుట్టూ తిరుగుతోంది. అవిభాజ్య వాటా అంటే మొత్తం భూమిలో హద్దులు లేని ఉమ్మడి భాగం. 40 గజాలు మీ పేరున రిజిస్టర్ అయినా, ఆ స్థలంలో ఏ మూల నిలబడినా "ఇది నాది" అని చూపించలేరు, విడి స్థలంగా అమ్ముకోలేరు, దానిమీద గృహరుణం దొరకడం దుర్లభం. ఫ్లాట్ గురించి ఆ దస్తావేజులో ఒక్క అక్షరం ఉండదు. రేపు అనుమతి వచ్చినా, బఫర్ కోసం స్థలం వదలాల్సి రావడం వల్ల అంతస్తులు తగ్గితే, ఇంతమంది వాటాదారుల్లో ఎవరికి ఫ్లాట్ వస్తుందో, ఎవరికి రాదో చెప్పే పత్రం ఏదీ ఉండదు. పైగా డబ్బుకు బదులు భూమి తీసుకున్నారు కదా అని వాపసు కేసులో మీ మీదికే ఎదురు వాదన వస్తుంది. ఒకసారి రిజిస్టర్ అయిన దస్తావేజును రద్దు చేయాలంటే ఇరుపక్షాలూ మళ్లీ సబ్ రిజిస్ట్రార్ ముందుకు రావాలి, లేదా సివిల్ కోర్టుకు వెళ్లాలి. భూమి ఏ వివాదమూ లేనిదై, బిల్డర్ ఆర్థికంగా కూలిపోతున్న పరిస్థితిలో వట్టి ఎంఓయూ కంటే యూడీఎస్ మేలని నేనే కొందరికి చెప్పాను. మీ విషయంలో భూమే వివాదంలో ఉంది కాబట్టి వద్దంటున్నాను.

ఆ వివాదం నిజమా, సాకా అన్నది కూడా తేల్చుకోవాలి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) పరిధిలో ఎలాంటి నిర్మాణమూ చేయరాదు. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు లేదా అంతకు మించితే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. మీ ఎంఓయూలో ఉన్న సర్వే నంబర్లతో గ్రామ నక్షా తీసుకుని, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) దగ్గర ఉన్న ఆ చెరువు మ్యాపుతో సరిపోల్చి చూడండి. అసలు అనుమతికి దరఖాస్తు చేశారా, చేస్తే ఏ తేదీన, ఏ కారణంతో నిలిపారు అనే వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తే లేదని జవాబు వస్తే మీ కేసు స్వరూపమే మారిపోతుంది. అదే చేత్తో ఈసీ (ఆ ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి, భూయజమానితో బిల్డర్‌కు రిజిస్టర్డ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఉందో లేదో చూడండి. కట్టేవారు, అమ్మేవారు వేర్వేరైతే ఇద్దరినీ ప్రమోటర్లుగానే (ప్రాజెక్టుకు బాధ్యులుగానే) చట్టం పరిగణిస్తుంది కాబట్టి, ఫిర్యాదులో భూయజమానిని కూడా చేర్చాలో వద్దో ఆ ఒప్పందమే చెబుతుంది.

మరో ప్రాజెక్టుకు మారడాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఇల్లే మీకు ముఖ్యమైతే, మిగతా రెండింటికంటే ఇది మెరుగైన దారి కావచ్చు. కానీ దానికి రెరా నంబరు ఉండాలి, అది రెరా వెబ్‌సైట్‌లో మీరే వెతికితే కనిపించాలి, ఫ్లాట్ నంబరుతో విక్రయ ఒప్పందం రిజిస్టర్ కావాలి, మీరు 2022 లో కట్టిన మొత్తం అందులో చెల్లింపుగా నమోదు కావాలి. ఇంకొకటి, తెలంగాణలో బిల్డర్ అనుమతి తీసుకునేటప్పుడు నిర్మాణంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించడానికి ఇచ్చే ధ్రువపత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. ఇలా "మారమని" చూపించే ఫ్లాట్లు ఆ తనఖా అంతస్తులోనివి కావడం నేను చూశాను. మంజూరు ప్లానులోనే ఆ ఫ్లాట్ల నంబర్లు రాసి ఉంటాయి, అడిగి చూడండి.

నగదుగా ఇచ్చిన 6 లక్షల గురించి మీకు నచ్చని మాట చెప్పాలి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని అప్పటి ఆదాయపన్ను చట్టం సెక్షన్ 269ఎస్ఎస్ నిషేధించింది. జరిమానా తీసుకున్నవారికే పడుతుంది. కానీ 2 లక్షలు లేదా అంతకు మించి నగదు ఇచ్చానని దావాలో రాస్తే, కోర్టు ఆ సంగతి ఆదాయపన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి ఆ డబ్బు ఎక్కడిదో చూపించగలరా అని ముందు మీ ఆడిటర్‌తో మాట్లాడండి. చూపించగలిగితే, నగదు రసీదు ఉంది కాబట్టి మొత్తం 42 లక్షలూ అడగవచ్చు.

రెరాకు బదులు వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షలు మించలేదు గనుక జిల్లా కమిషన్ సరిపోతుంది. రెండు దారులూ తెరిచే ఉన్నాయని 2020 లోనే సుప్రీంకోర్టు ఇంపీరియా కేసులో చెప్పింది, అయితే ఒకే ఉపశమనాన్ని రెండు చోట్లా అడగకండి. మోసం జరిగిందనిపిస్తే పోలీసు ఫిర్యాదు కూడా చేయవచ్చు. సంఘటన భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 కి ముందుది కాబట్టి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. దివాలా చట్టం కింద ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే కనీసం 100 మంది, లేదా ప్రాజెక్టులోని మొత్తం కొనుగోలుదారుల్లో 10 శాతం మంది కలిసి రావాలి. ఆ మార్గం ప్రస్తుతానికి వద్దు.

నా సలహా రెరా. అయితే ఉత్తర్వు రావడం వేరు, డబ్బు రావడం వేరు. రెరా చట్టం సెక్షన్ 40 కింద ఉత్తర్వు మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయించవచ్చు గానీ, అది నెమ్మదిగా సాగే పని. అందుకే, ఫిర్యాదుకు ముందు 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపి, రాజీకి ఒక అవకాశం ఇవ్వడం వృథా కాదు. రాజీ కుదిరితే పత్రాన్ని మీ న్యాయవాదే రాయాలి: ప్రాజెక్టుకు అనుమతి రానందున సంస్థ డబ్బు తిరిగి ఇస్తోందని, ఏ తేదీకి ఎంతో, వడ్డీ ఎంతో, ప్రతి వాయిదాకూ తేదీ వేసిన చెక్కు నంబరు ఏదో, చివరి చెక్కు జమయ్యేదాకా మీ హక్కులన్నీ అలాగే ఉంటాయని అందులో ఉండాలి. చెక్కు బౌన్స్ అయితే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వడం మరిచిపోకండి.

గడువుల విషయానికొస్తే, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు, సివిల్ దావాకు మూడేళ్లు ఉంటుంది. ఈ గడువు ఏ రోజు నుంచి లెక్కించాలన్న దానిపై వాళ్లు వాదనకు దిగుతారు. ఆ వాదనకు జవాబు వాళ్లే రాసిచ్చారు: అసలు మొత్తాన్ని వాయిదాల్లో చెల్లిస్తామని లెటర్‌హెడ్ మీద సంతకంతో పంపిన ఆ లేఖ, గడువు తీరకముందు బాకీని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే అవుతుంది, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం దాని తేదీ నుంచి కాలం మళ్లీ మొదలవుతుంది. ఆ లేఖ వచ్చిన కవరుతో సహా దాచి, కేసు ఫైలులో నకలు మాత్రమే పెట్టించండి.